హెబ్రీ లేఖనాలను క్రైస్తవులు దైవవాక్యంగా ఎందుకు నమ్మాలి?

పాత నిబంధన వద్దని పైకి చెప్పే క్రైస్తవులు తక్కువే. కీర్తనలు చదువుకుంటారు, యెషయాలోని వాగ్దానాలను కంఠస్థం చేస్తారు, ఆదికాండంలోని కథలను పిల్లలకు చెబుతారు. అయితే లేవీయకాండంలోని బలుల విధులో, న్యాయాధిపతుల గ్రంథంలోని ఆఖరి అధ్యాయాలో ఎదురైనప్పుడు, "అదంతా యూదుల చరిత్ర, మనకు క్రొత్త నిబంధన ఉంది కదా" అని పక్కన పెట్టేయడం చాలా సంఘాల్లో మామూలే. వినడానికి భక్తిగానే తోచే ఈ మాట, కాస్త తరచి చూస్తే, యేసుక్రీస్తు మీద మనకున్న విశ్వాసాన్నే బలహీనపరుస్తుంది. హెబ్రీ లేఖనాలు దేవుని ప్రేరణవల్ల కలిగినవని నమ్మడానికి క్రైస్తవుడికి ఉన్న అసలు ఆధారం తవ్వకాల్లో దొరికిన శాసనాలూ కాదు, నెరవేరిన ప్రవచనాల పట్టికా కాదు. ఆ లేఖనాలను స్వయంగా యేసు దేవుని మాటగా స్వీకరించి, వాటికి లోబడి జీవించాడన్నదే ఆ ఆధారం. మిగతా ఆధారాల విలువ వాటికి ఉంది గాని, వాటి స్థానం దీని తర్వాతే.

ఏ గ్రంథాల గురించి మాట్లాడుతున్నామో ముందు స్పష్టం చేసుకోవాలి. యూదులు తమ పరిశుద్ధ గ్రంథాన్ని 24 పుస్తకాలుగా లెక్కిస్తారు. ప్రొటెస్టెంటు బైబిళ్లలో పాత నిబంధనగా ఉన్న 39 పుస్తకాలూ అవే. సమూయేలు, రాజులు, దినవృత్తాంతములు రెండేసి భాగాలు కాకుండా ఒక్కొక్క పుస్తకంగా, ఎజ్రా నెహెమ్యాలు కలిపి ఒకటిగా, పన్నెండుమంది చిన్న ప్రవక్తలు అంతా ఒకే గ్రంథంగా లెక్కకు రావడంవల్ల ఆ అంకె తగ్గింది. ధర్మశాస్త్రం, ప్రవక్తలు, ఇతర రచనలు అన్న మూడు భాగాలుగా వాటిని అమర్చారు. పునరుత్థానుడైన యేసు తన శిష్యులతో "మోషే ధర్మశాస్త్రములోను ప్రవక్తల గ్రంథములలోను కీర్తనలలోను" తనను గూర్చి వ్రాయబడినవన్నీ నెరవేరాలని చెప్పినప్పుడు (లూకా 24:44) ఈ మూడు భాగాల అమరికే వినిపిస్తుంది.

బైబిలు దేవుని వాక్యమని బైబిలే చెబుతోంది కాబట్టి నమ్మాలనడం తిరిగి తిరిగి మొదటికే వచ్చే వాదం కాదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఇక్కడ వాదం అలా నడవడం లేదు. సువార్తలు దైవప్రేరితాలని ముందే ఒప్పుకోనవసరం లేదు. వాటిని మొదటి శతాబ్దపు సాక్ష్యాలుగా మాత్రమే తీసుకుందాం. ఆ నాలుగు సాక్ష్యాలూ ఒక్క విషయంలో కచ్చితంగా ఏకీభవిస్తాయి: నజరేయుడైన యేసుకు హెబ్రీ లేఖనమే చివరి తీర్పు. ఇది ఏదో ఒక వాక్యం మీద ఆధారపడిన సంగతి కాదు. వాదాల్లో, ఉపమానాల్లో, ప్రార్థనలో, సిలువమీది కేకలో ఇదే కనిపిస్తుంది. ఆ యేసును దేవుడు మృతులలోనుండి లేపి ప్రభువుగా నిలబెట్టాడని నమ్మినవాడే క్రైస్తవుడు. ప్రభువును నమ్మి, ఆ ప్రభువు నమ్మిన లేఖనాలను అనుమానించడం ఎంతవరకు పొసుగుతుంది?

ఆయన లేఖనాన్ని ఎలా చదివాడో దగ్గరగా చూడాలి. భార్యను విడనాడే పరిత్యాగం గురించి పరిసయ్యులు అడిగినప్పుడు ఆయన ఆదికాండము 2:24ను ఎత్తి చెప్పాడు: పురుషుడు తల్లిదండ్రులను విడిచి తన భార్యను హత్తుకొనును. ఆదికాండంలో ఆ మాట దేవుని నోట వచ్చినది కాదు. అది కథ చెబుతున్న రచయిత తన వైపునుంచి రాసిన వాక్యం. కానీ మత్తయి 19లో యేసు దాన్ని "సృజించినవాడు" చెప్పిన మాటగా పేర్కొంటాడు. రచయిత రాసిన సాదా కథన వాక్యమే ఆయన దృష్టిలో సృష్టికర్త పలుకు. మరో చోట, పునరుత్థానం లేదనే సద్దూకయ్యులకు నిర్గమకాండంలోని మండుతున్న పొద ఘట్టాన్ని గుర్తుచేస్తూ, "దేవుడు మీతో చెప్పినమాట మీరు చదువలేదా?" అని అడిగాడు. మోషేతో ఎన్నో శతాబ్దాల కిందట పలికిన మాటను, ఎదుట నిలబడినవారితో దేవుడు చెప్పిన మాట అంటున్నాడు. పాత కాలపు మత చరిత్రగా చూసేవాడు లేఖనం గురించి ఇలా మాట్లాడడు.

యేసు తన శ్రోతల నమ్మకానికి తగ్గట్టు మాట్లాడాడే తప్ప ఆయన స్వయంగా అలా తలచి ఉండనక్కరలేదని కొందరు అంటారు. సువార్తల్లోని యేసు స్వభావం తెలిసినవారెవరికీ ఈ సమాధానం సంతృప్తినివ్వదు. విశ్రాంతిదినం, చేతులు కడుక్కోవడం, సుంకరులతో భోజనం వంటి విషయాల్లో శ్రోతల నమ్మకాలను నొప్పించడానికి ఆయన ఏనాడూ వెనుకాడలేదు. మార్కు 7లో కొర్బాను ఆచారాన్ని, అంటే తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి వారికి ఇవ్వకుండా తప్పించుకోవడాన్ని, ఖండించేటప్పుడైతే మరీ స్పష్టం: తల్లిదండ్రులను సన్మానించుమన్న మోషే ఆజ్ఞను ఒక వైపు, పెద్దల పారంపర్యాచారాన్ని మరో వైపు నిలిపి, మొదటిదానిని "దేవుని వాక్యము" అన్నాడు, రెండవది దాన్ని నిరర్థకం చేస్తోందన్నాడు. జనం గౌరవించేవాటిలో ఏది దేవునిదో, ఏది మనుషులదో వేరుచేసి చెప్పగలవాడు ఆయన. లేఖనాన్ని దేవుని పక్షాన నిలిపాడు. పైగా అరణ్యంలో శోధన వేళ మెప్పించవలసిన శ్రోతలెవరూ లేరు. అక్కడ కూడా మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంనుంచే, "అని వ్రాయబడియున్నది" అంటూ జవాబిచ్చాడు.

కొండమీది ప్రసంగంలో "నేను మీతో చెప్పునదేమనగా" అన్న మాట ధర్మశాస్త్రాన్ని పక్కకు నెట్టలేదా? ఆ వరుసకు ముందే తాను ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదనీ, నెరవేర్చడానికి వచ్చాననీ, ఒక పొల్లయినా ఒక సున్నయినా తప్పిపోదనీ ఆయన చెప్పి పెట్టాడు. ఆ తర్వాత చేసింది ఆజ్ఞను లోతుకు తీసుకుపోవడం: నరహత్య వద్దన్న ఆజ్ఞను కోపం దాకా, వ్యభిచారం వద్దన్న ఆజ్ఞను మోహపు చూపు దాకా తీసుకెళ్లాడు.

అపొస్తలులూ ఇదే బాటలో నడిచారు. పౌలు తనకు అప్పగింపబడినదిగా కొరింథీయులకు అందించిన సువార్త సారాంశంలో క్రీస్తు "లేఖనముల ప్రకారము" మన పాపాల నిమిత్తం మృతిపొందాడనీ, "లేఖనముల ప్రకారము" మూడవ దినాన లేపబడ్డాడనీ ఆ మాట రెండుసార్లు వస్తుంది. ఆ లేఖనాలను తీసివేస్తే ఆ వాక్యంలో అర్థం నిలవదు. క్రీస్తు అంటే అభిషిక్తుడు. ఎవరు, దేనికి అభిషేకించారు? పాపం అంటే ఏ ధర్మానికి వ్యతిరేకం? ఒకరి మరణం మరొకరి పాపాలకు ఎలా వర్తిస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబులు ఆదికాండం, లేవీయకాండం, యెషయా 53 తెలిసినవాడికే దొరుకుతాయి. తిమోతి చిన్ననాటినుంచి ఎరిగిన పరిశుద్ధ లేఖనాలు "దైవావేశమువలన కలిగిన"వని ఆయనకు రాసిన రెండవ పత్రిక అంటున్నప్పుడు, తిమోతి బాల్యంలో సువార్తలు ఇంకా రాయబడనే లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. మనం తరచుగా బైబిలంతటికీ వర్తింపజేసే ఆ వచనం మొట్టమొదట హెబ్రీ లేఖనాల గురించి చెప్పినదే.

హెబ్రీ లేఖనాలు లేని క్రైస్తవ్యాన్ని చరిత్రలో కొందరు నిర్మించి చూశారు. నల్లసముద్ర తీరంలోని సినోపేనుంచి రోముకు వచ్చిన మార్సియోను, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని బోధించాడు. క్రీ.శ. 144లో రోము సంఘం అతణ్ణి వెలివేసి, అంతకుముందు అతడు ఇచ్చిన భారీ విరాళాన్ని కూడా తిరిగి ఇచ్చేసింది. పాత నిబంధనను పూర్తిగా వదిలేశాక అతడికి మిగిలిన క్రొత్త నిబంధన ఎంత? యేసు జనన వృత్తాంతం లేని ఒక కుదించిన లూకా సువార్త, పౌలు పత్రికల్లో పది. వాటిలోనూ ఇశ్రాయేలు దేవుణ్ణి యేసు తండ్రిగా చూపే చోట్లను కోసివేయవలసి వచ్చింది. జర్మనీలో 1933 నవంబరు 13న బెర్లిన్‌లోని క్రీడా భవనంలో, నాజీ పక్షపు "జర్మన్ క్రైస్తవుల" మహాసభలో రైన్‌హోల్డ్ క్రౌజె పాత నిబంధనను వదిలించుకోవాలని బహిరంగంగా కోరాడు. ఆ ధోరణి అక్కడితో ఆగలేదు. క్రైస్తవ్యంనుంచి యూదు ప్రభావాన్ని తొలగించడానికి 1939లో ఐసెనాఖ్‌లో స్థాపించిన సంస్థ, మరుసటి ఏడే యూదు జాడలను చెరిపేసిన క్రొత్త నిబంధనను అచ్చువేసింది. పదిహేడు శతాబ్దాలకు పైగా దూరంలో ఉన్న ఈ రెండు ప్రయత్నాల ఉద్దేశాలు వేరు, దుర్మార్గపు స్థాయి వేరు. అయినా ఫలితం ఒక్కటే. మొదటి నిబంధనను కోసినవాడు రెండవదాన్నీ కోయక తప్పలేదు, అప్పుడు మిగిలిన యేసు సువార్తల్లోని యేసు కాడు. క్రైస్తవులు ఈ చరిత్రను తేలికగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంతకూ దైవావేశం అంటే ఏమిటి? దేవుడు చెబుతుంటే మనిషి యంత్రంలా రాసుకుపోయాడని హెబ్రీ లేఖనాలే ఎక్కడా చెప్పుకోవు. యెహోషువ గ్రంథం యాషారు అనే మరో గ్రంథాన్ని పేర్కొంటుంది. రాజుల గ్రంథాలు రాజుల వృత్తాంతాలను చూడమంటాయి. సామెతల్లో కొన్నిటిని హిజ్కియా సేవకులు ఎత్తి రాశారని 25వ అధ్యాయం మొదట్లోనే ఉంది. అన్నిటికంటే వివరంగా కనిపించేది యిర్మీయా 36. ప్రవక్త చెబుతుంటే బారూకు గ్రంథపు చుట్టలో సిరాతో రాశాడు. రాజైన యెహోయాకీము శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని, మూడు నాలుగు పుటలు చదవగానే వాటిని చాకుతో కోసి నిప్పులో వేస్తూ చుట్టనంతా కాల్చేశాడు. దేవుడు మళ్లీ రాయమన్నాడు. బారూకు మళ్లీ రాశాడు. ఆ అధ్యాయపు చివరి వచనం ప్రకారం, అటువంటి మాటలు ఇంకా అనేకం దానికి చేర్చారు. దైవవాక్యం ఎలా గ్రంథమయిందో ఇంత దాపరికం లేకుండా చెప్పిన చోటు మరొకటి లేదు. ఒక లేఖకుడు, అతని చేతిరాత, ఒక నష్టం, ఒక పునర్లేఖనం, కొన్ని చేర్పులు ఉన్నాయి. ఆ మొత్తం క్రమంలో మాట మాత్రం యెహోవాదే. కనుక యిర్మీయా గ్రంథపు ప్రాచీన గ్రీకు అనువాద పాఠం హెబ్రీ పాఠంకంటే దాదాపు ఎనిమిదో వంతు చిన్నదని, ఆ చిన్న పాఠాన్ని పోలిన హెబ్రీ తునక మృతసముద్రం ఒడ్డున ఉన్న కుమ్రాను గుహల్లో కూడా దొరికిందని తెలిసినప్పుడు విశ్వాసి కంగారుపడనక్కరలేదు. ఆ గ్రంథం ఒకటికంటే ఎక్కువ కూర్పుల్లో పెరిగిందని ఆ గ్రంథమే ముందుగా చెప్పింది.

ఇక ఈ పాఠం మనదాకా చెడకుండా వచ్చిందా అన్న ప్రశ్న. 1947లో కుమ్రాను గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవుంటుంది. 66 అధ్యాయాలూ అందులో ఉన్నాయి. క్రీస్తుకు వందేళ్లకు పైగా ముందటిది. ఈనాడు మన దగ్గర పూర్తిగా మిగిలిన హెబ్రీ బైబిలు ప్రతుల్లో ప్రాచీనమైనది క్రీ.శ. 1008 ప్రాంతపు లెనిన్‌గ్రాడ్ ప్రతి. అంటే సుమారు పదకొండు వందల ఏళ్ల నకళ్ల పనిని ఒక్కసారిగా సరిచూసే అవకాశం వచ్చింది. తేడాలు లేవనడం నిజం కాదు: అక్షరక్రమంలో చాలా, పదాల్లో కొన్ని ఉన్నాయి. 40వ అధ్యాయంలో, "గడ్డి యెండిపోవును, దాని పువ్వు వాడిపోవును, మన దేవుని వాక్యము నిత్యము నిలుచును" అన్న చోటనే, మొదట రాసిన లేఖకుడి ప్రతిలో ఏడు, ఎనిమిది వచనాల మధ్య కొంత భాగం లేదు. ఒకే మాటలు రెండుసార్లు రావడంతో అతని చూపు ఒక పంక్తినుంచి మరో పంక్తికి జారి ఉంటుందని చాలామంది అనుకుంటారు. తర్వాత మరో చేయి ఆ భాగాన్ని పంక్తుల మధ్యా, అంచులోనూ ఇరికించి రాసింది. పొరపాటు జరగడం, దాన్ని దిద్దడం రెండూ ఆ తోలు మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అన్ని గ్రంథాల పాఠమూ ఇంత స్థిరంగా లేదు. గొల్యాతు ఎత్తు మన బైబిలులో ఆరు మూరల జేనెడు. కుమ్రానులోని సమూయేలు ప్రతిలో, పాత గ్రీకు అనువాదంలో నాలుగు మూరల జేనెడు. ఇలాంటి తేడాలను దాచిపెట్టే విశ్వాసం బలమైనది కాదు. వాటిని ముందు పెట్టుకుని చూసినా, ఇశ్రాయేలు దేవుడెవరో, ఆయన ఏమి వాగ్దానం చేశాడో, ఏమి కోరాడో ఈ పాఠాంతరాల్లో ఏదీ మార్చదు. యెరూషలేములోని కేతెఫ్ హిన్నోం సమాధుల్లో 1979లో దొరికిన చిన్న వెండి రేకుల మీద "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అన్న యాజక ఆశీర్వాదపు మాటలు ఉన్నాయి. అవి క్రీస్తుకు సుమారు ఆరు వందల ఏళ్ల ముందటివి, ఈనాటికీ ఆరాధనల ముగింపులో వినిపించేవే.

చరిత్ర శాసనాల సంగతి క్లుప్తంగా చాలు. అష్షూరు రాజు సన్హెరీబు క్రీ.పూ. 701లో హిజ్కియాను యెరూషలేములో పంజరంలోని పక్షిలా బంధించానని చెప్పుకున్నాడు గాని ఆ పట్టణాన్ని పట్టుకున్నానని చెప్పలేకపోయాడు. బబులోనులో దొరికిన మట్టి పలకల్లో యూదా రాజు యెహోయాకీనుకూ అతని కుమారులకూ ఇచ్చిన నూనె బత్యం లెక్కలున్నాయి. ఇవి రాజుల గ్రంథం నిజమైన మనుషుల గురించే మాట్లాడుతోందని చూపుతాయి. అయితే యెరికో పతనపు కాలం, నిర్గమపు కాలం వంటి విషయాల్లో పురావస్తు శాస్త్రవేత్తల మధ్య తీవ్ర భేదాలున్నాయి. పార ఎంత లోతుగా తవ్వినా ఒక రాజు ఉన్నాడని చూపగలదు గాని, ఆ రాజుతో ప్రవక్త ద్వారా మాట్లాడినది దేవుడేనని చూపలేదు. అందుకే ఈ ఆధారాలను అడ్డంకులు తొలగించేవిగా చూడాలే తప్ప విశ్వాసానికి పునాదిగా చేయకూడదు.

ప్రవచనాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. మత్తయి 2:15లో "ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని" అన్న మాట హోషేయ 11లో భవిష్యత్తు గురించి చెప్పినది కాదు; ఇశ్రాయేలు గతం గురించి చెప్పినది. మత్తయికి అది తెలియక కాదు. ఇశ్రాయేలు నడిచి తప్పిపోయిన దారిని యేసు మళ్లీ నడిచి తప్పకుండా పూర్తిచేశాడని ఆయన చూపిస్తున్నాడు: ఐగుప్తు, నీళ్లు దాటడం, అరణ్యం, శోధన, కొండమీది ధర్మబోధ. విడివిడి వచనాలను ఏరి అంకెలు కూడబెట్టడంకంటే ఈ పెద్ద పోలిక నాకు ఎంతో బలంగా తోస్తుంది. అయినా కొన్ని భాగాల ఎదుట ఆగక తప్పదు. మన అతిక్రమాల కోసం గాయపడి, వధకు తేబడు గొర్రెపిల్లలా నోరు తెరవక, మరణం తర్వాత దీర్ఘాయుష్మంతుడయ్యే సేవకుడి చిత్రం యెషయా 53లో ఉంది. ఆ అధ్యాయం క్రైస్తవులు తర్వాత రాసుకున్నదని ఎవరూ అనలేరు. యేసు పుట్టడానికి ముందే అది ఆ కుమ్రాను చుట్టలో ఉంది.

కష్టమైన భాగాలను దాటవేసి ఈ చర్చను ముగించడం నిజాయితీ కాదు. కనాను జనాలను నిర్మూలించమన్న కనాను యుద్ధాలు, శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడనే 137వ కీర్తన చివరి వచనం చదివి మనసు కలత చెందడం విశ్వాసలోపం కాదు. అక్కడున్నది అక్కడ లేదనిపించేలా మెత్తగా వ్యాఖ్యానించడం నాకు సమ్మతం కాదు. దైవప్రేరితం అన్నంత మాత్రాన ప్రతి భాగం ప్రతి కాలానికీ ఒకే రీతిగా వర్తించే ఆజ్ఞ అయిపోదు. పరిత్యాగపు అనుమతి మీ హృదయకాఠిన్యాన్ని బట్టి ఇచ్చినదని యేసే చెప్పాడు. అన్యజనులనుంచి వచ్చిన విశ్వాసుల మీద సున్నతి భారాన్ని మోపకూడదని అపొస్తలుల కార్యములు 15లోని సభ నిర్ణయించింది. ఆ నిర్ణయానికి కూడా ఆమోసు మాటలనే ఆధారం చేసుకుంది. ఈ ప్రశ్నలు మనం బయటినుంచి తెచ్చినవీ కావు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని దేవుని ముఖం మీదే అడిగినవాడు అబ్రాహాము. యోబు, హబక్కూకు ఇంకా ఘాటుగా అడిగారు. తన రాజు వ్యభిచారాన్నీ, తన జనం విగ్రహారాధననూ, తన దేవునితో తన భక్తుల తగాదానూ కప్పిపుచ్చకుండా భద్రపరచిన గ్రంథం ఇది. కనాను గురించి నాకు పూర్తి జవాబు లేదు. కానీ ఆ పుటలు తెలిసిన యేసు, శత్రువులను ప్రేమించమని బోధించిన యేసు, ఆ లేఖనాన్ని వదిలిపెట్టలేదన్న సంగతి దగ్గర నేను నిలబడతాను.

లేఖనాల పరిధి విషయంలో సంఘాల మధ్య తేడా ఉంది: కతోలికులు, తూర్పు సంఘాలవారు తోబితు, మక్కబీయుల వంటి మరికొన్ని గ్రంథాలను కూడా అంగీకరిస్తారు. పైన చెప్పినదంతా అందరూ ఒప్పుకునే హెబ్రీ గ్రంథాలకు వర్తిస్తుంది కాబట్టి ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. అవసరమైన మాట మరొకటుంది. దేవోక్తులు యూదులకే అప్పగింపబడ్డాయని పౌలు రోమీయులకు రాశాడు; అన్యజనులు అదే ఒలీవ చెట్టుకు అంటుకట్టబడిన కొమ్మలని, ఆ కొమ్మలు అతిశయపడకూడదని హెచ్చరించాడు. ఈ గ్రంథాన్ని అక్షరం అక్షరం లెక్కపెట్టి కాపాడినవారు యూదు లేఖకులు. యెషయా 53లోని సేవకుడు ఇశ్రాయేలు జనమేనని చదివే యూదునికి ఆ గ్రంథంలోనే ఆధారం ఉంది, ఎందుకంటే 49వ అధ్యాయంలో సేవకుణ్ణి ఇశ్రాయేలు అనే పిలిచారు. క్రైస్తవుడు అక్కడ యేసును చూస్తున్నాడంటే, ఇశ్రాయేలు పిలుపును ఇశ్రాయేలు తరఫున నెరవేర్చినవాడు ఆయనేనని పునరుత్థానాన్ని బట్టి నమ్ముతున్నాడు కాబట్టే. ఆ కారణాన్ని అతడు గౌరవంగా, దాచకుండా చెప్పవచ్చు.